ఊపిరి తగిలే దూరం

వాడపల్లి లక్ష్మీనరసింహస్వామి గర్భాలయంలో రెండు దీపాలున్నాయి. కింద, పాదాల దాపున వెలిగేది నిశ్చలం, నిర్వికారం. పైన, స్వామి ముఖం ఎత్తున వెలిగేది మాత్రం నిమిషం నిలవదు. అల్లల్లాడుతుంది, వంగుతుంది, లేస్తుంది, మళ్ళీ వణుకుతుంది. అది స్వామి ఊపిరి అని అక్కడివాళ్ళ నమ్మకం. గాలి ఎటునుంచి వస్తుందో వెతికే పని నాకు లేదు. ఆ దీపం ముందు నిలబడితే ఒక్కటే తోస్తుంది: సింహం మొహం ఇంత దగ్గరగా ఉందా! గోళ్ళే ఆయుధాలైన దేవుడు, నిప్పుకళ్ళ దేవుడు, మన బుగ్గకు ఊపిరి తగిలే దూరంలో! భక్తుడికి అది అభయం. రసికుడికి అదే భయానకమూ, అదే అద్భుతమూ. రెండు రసాలు ఒకే వత్తి మీద ఊగడం చూడాలంటే మిర్యాలగూడ నుంచి దామరచర్ల మీదుగా కృష్ణా మూసీ కలిసే ఆ గట్టుకు రావలసిందే.

నేను చెప్పబోయేది తుపాకుల సంగతి. గర్భగుడిలో మొదలుపెట్టి తుపాకీ దగ్గర తేలాడేమిటని ముక్కున వేలేసుకోకండి. ఎలుగుబంటి వేటకు, అదీ కొమ్మ పక్కకు తొలగిస్తే మృగం కనబడే దగ్గరి వేటకు, వెనకటివాళ్ళు ఏ తుపాకీని కోరి ఎత్తుకున్నారో, ఏ తూటాను మెచ్చారో, ఆ ముచ్చటంతా ఈ ఊపిరి దూరంలోనే ఉంది.

పైగా వాడపల్లి వేట ఎరగని ఊరు కాదు. సంగమం గట్టునే ఉన్న మీనాక్షీ అగస్త్యేశ్వరుడి కథ మా వైపు పిల్లలకూ తెలుసు. బోయ తరిమిన పిట్ట ఒకటి వచ్చి శివలింగం చాటున చేరింది. పిట్టను ఇమ్మన్నాడు బోయ. శరణన్నదాన్ని ఇవ్వనన్నాడు శివుడు. మరి నా ఆకలి మాటేమిటన్నాడు బోయ. నా తలలోంచి మాంసం తీసుకో అన్నాడు శివుడు. పది వేళ్ళూ దించి తీసుకున్నాడు బోయ! ఆ వేళ్ళ గుంటలు లింగం నెత్తిన ఇప్పటికీ ఉన్నాయంటారు. గాయం కడగడానికి దిగిన గంగ ఆ గుంటలో ఊరుతూనే ఉందంటారు. శ్రీకాళహస్తిలో బోయ తిన్నడు శివుడికి కన్ను పెకలించి ఇచ్చాడు. వాడపల్లిలో శివుడే బోయకు తల మాంసం ఇచ్చాడు. ఇచ్చిపుచ్చుకోవడమంటే అదీ! తిన్నడి కథ చెప్పిన ధూర్జటి చెవిన ఈ కథ ఎందుకు పడలేదా అని నాకు అప్పుడప్పుడూ బెంగ. వేటగాడికీ వేటకూ నడుమ దేవుడు దూరి, ఇద్దరినీ కాచి, తాను గాయపడిన ఊళ్ళో కూర్చుని తుపాకీ అందం మాట్లాడుకోవడం నాకు అపచారమనిపించదు.

ఇక ఎలుగు. నాగార్జునసాగర్ దాటి కృష్ణ వెంట ఎగువకు పోతే నల్లమల. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున అక్కడ నేలంతా తీపి వాసన, పులిసిన వాసన, మత్తు వాసన. ఆ వాసన వెంట తల వంచుకుని, పాదాలు లోపలికి తిప్పి వేసుకుంటూ, తనలో తాను గొణుక్కుంటూ వస్తుంది భల్లూకం. ఒళ్ళంతా చెదిరిన నల్లటి జూలు. రొమ్ము మీద వంపు తిరిగిన తెల్లని గీత. పొడుగాటి మూతి, జారిన కింది పెదవి, వేలెడేసి గోళ్ళు. పుట్టను చీల్చి, మట్టిని ఉఫ్ఫున ఊది, ముక్కుపుటాలు మూసుకుని, పైవరుసలో రెండు ముందుపళ్ళు లేని ఆ సందులోంచి చెదలను పీలుస్తుంటే ఆ చప్పుడు నూరు గజాల అవతలికి వినిపిస్తుంది. ఎండాకాలం తునికిపండ్లు, వానలు పడితే నేరేళ్ళు, ఎప్పుడు దొరికితే అప్పుడు తేనె. పిల్లలు తల్లి వీపున జూలు పట్టుకుని ఊరేగుతాయి. ఎంత కులాసా ప్రాణి! ఎంత సొంత లోకం! ఆ లోకంలో మునిగి ఉండగానే మనిషి ఎదురుపడతాడు. చూపు మందం, తిండి మీద ధ్యాస. తల ఎత్తేసరికి ఇద్దరి మధ్య పది అడుగులు. అంతే, కులాసా అంతా కేకైపోతుంది. మీదికి వస్తుంది, మొహానికే వస్తుంది.

వినాయకచవితి నాడు అక్షతలు చేత పట్టుకుని ఇంటింటా వినే కథలో కృష్ణుడు జాంబవంతుడి గుహలో దూరింది వట్టి చేతులతోనే. 28 రోజుల ముష్టియుద్ధం! ఎలుగుతో దగ్గరి పోరుకు అంతకు మించిన ప్రమాణం మనకు లేదు. ఆయుధం ఎంపిక అనే తంటాయే లేకుండా తేల్చేశాడు మహానుభావుడు. మానవమాత్రులకు మాత్రం చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా!

ఉండాలి అనకూడదు, ఉండేది అనాలి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఎలుగు ఇవాళ మొదటి షెడ్యూలు ప్రాణి. దాన్ని ఎవరూ వేటాడకూడదు, వేటాడాలని నేను కోరుకోను. మంచిదే అయింది, రెండు విధాల మంచిదయింది. ఎలుగు తన ఇప్పచెట్టు కిందికి తాను వెళ్ళగలిగింది. తుపాకీ పని పోగొట్టుకుని, ఒట్టి రూపంగా, ఒట్టి బరువుగా, ఒట్టి మెరుపుగా మన ముందు నిలిచింది. చంపవలసిన అక్కర తీరాకనే దాని సొగసు తీరిగ్గా చూడగలం. ఏ తుపాకీ, ఏ తూటా అన్న ప్రశ్న ఒకప్పుడు ప్రాణానిది. ఇప్పుడు రుచిది.

రుచి అన్నాను కనుక నా పక్షపాతం ముందే చెబుతాను. దూరపు వేట తుపాకులంటే నాకు పడవు. సన్నటి గొట్టం, సూదిలాంటి తూటా, పైన పొడుగాటి దుర్భిణి. లోయ అవతలి గట్టున కొండమేకను చూసుకుని, గాలి లెక్క వేసుకుని, పడుకుని కాల్చే సరంజామా. నేర్పు ఉండవచ్చు, రక్తి లేదు. పొదలో పదిహేను గజాల దగ్గర ఆ దుర్భిణిలో కన్ను పెడితే కనిపించేది నల్లటి బొచ్చు, అంతే! ఏది భుజమో, ఏది మెడో, ఏది పొదనీడో! దగ్గరితనానికి వేరే మర్యాద ఉంది. అక్కడ వేగం కాదు, బరువు. పదును కాదు, నిండుదనం. పొట్టిగా, చేతుల మధ్య సమంగా తూగుతూ, ఎత్తగానే చూపు పోయినచోటికే తానూ పోయే తుపాకీ. రెండో దెబ్బకు చెయ్యి కదపనక్కర లేని తుపాకీ.

అందుకే జంట గొట్టాల రైఫిల్! పక్కపక్కన రెండు ఉక్కు గొట్టాలు, కింద నూనె తాగిన అక్రోటు కొయ్య, దాని మీద నది ఇసుకలో నీటి జాడల్లా పాకిన నల్లటి చారలు. పూల చెక్కడం ఉన్న పక్కరేకులు. గొట్టాలు మూస్తే టక్కుమనదు. మెత్తగా, లోతుగా, తృప్తిగా ఒక చిన్న చప్పుడు. ఆ చప్పుడు కోసం బతుకంతా చెవి ఒగ్గవచ్చు! లండన్, బర్మింగ్‌హామ్ పనివాళ్ళు ఆ రెండు గొట్టాలనూ ఒకే చుక్క మీద కలపడానికి లెక్కలను నమ్ముకోలేదు. కాల్చి చూసేవారు, గొట్టాల నడుమ అతుకు కరిగించి వెంట్రుకవాసి జరిపేవారు, మళ్ళీ కాల్చేవారు. రెండూ ఒక్కచోట తగిలేదాకా అదే పని, అదే తపస్సు. సంగమం ఊరివాణ్ణి, రెండు ధారలు ఒక్కటయ్యే చోటు ఎంత పవిత్రమో నాకు ఒకరు చెప్పనక్కర లేదు.

ఈ రైఫిళ్ళ తూటాల్లో రారాజు జాన్ రిగ్బీ 1898లో తెచ్చిన .450 నైట్రో ఎక్స్‌ప్రెస్. 480 గ్రెయిన్ల గుండు. దీని చరిత్రలో ఒక కొంటెతనం ఉంది. 1871 నాటి మార్టినీ హెన్రీ సిపాయి తుపాకీ గుండు కూడా అదే లావు. ఆ గుండ్లు తిరుగుబాటుదారుల చేతికి పోతాయన్న భయంతో 1907 ప్రాంతంలో ఇంగ్లీషు సర్కారు హిందూదేశంలోకి .450 రాకుండా ఆపింది. తుపాకుల వాళ్ళు ఊరుకుంటారా! వెంట్రుకంత లావు పెంచి .465 అన్నారు, .470 అన్నారు, .475 అన్నారు, .476 అన్నారు. సర్కారు భయంలోంచి అన్ని తూటాలు పుట్టాయి; ఒక్కోదానికి ఒక్కో భక్తబృందం. పులికీ, అడవిదున్నకూ, కాదంటే ఏనుగుకూ అవి తగినవే. ఎలుగుకు మాత్రం ఎక్కువ. నూటముప్పై, నూటనలభై కిలోల ప్రాణికి అంత ఉరుము దేనికి? రాజసం ఉంది, ఔచిత్యం లేదు. ఔచిత్యం తప్పితే ఎంత అలంకారమైనా బరువే అని మన ఆలంకారికులు ఎప్పుడో తేల్చారు.

ఔచిత్యం చూడాలంటే పారడాక్స్ దగ్గరికి రండి.

అహా, పారడాక్స్! జార్జ్ విన్సెంట్ ఫాస్బెరీ అనే దొర, వాయవ్య సరిహద్దు పోరులో విక్టోరియా క్రాస్ అందుకున్న సిపాయి, 1885లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. హాలండ్ అండ్ హాలండ్ వాళ్ళు దాన్ని తుపాకీగా మలిచారు. చూడటానికి మామూలు 12 బోర్ జోడు తుపాకీ. గొట్టం లోపలంతా నున్నన, అద్దం నునుపు. చివరి రెండు మూడు అంగుళాల్లో మాత్రం, మూతి దగ్గర మాత్రం, మెలి తిరిగిన గాళ్ళు. గొట్టమంతా సాఫీగా జారివచ్చిన గుండు వెళ్ళిపోయే ముందు ఆ గాళ్ళలో ఒక్క మెలిక తిరుగుతుంది. ఆ ఒక్క మెలికతోనే గురి నేర్చుకుంటుంది! రవ్వలు వేస్తే కంజుపిట్టకు పనికొస్తుంది, గుండు వేస్తే ఎలుగుకు పనికొస్తుంది. 12 బోర్ గుండు ఏడువందల గ్రెయిన్లకు పైమాటే. పాత లెక్కన నాలుగు తులాల సీసం! సెకనుకు వెయ్యి అడుగుల చిల్లర నడక. ఈ కాలపు తూటాల పక్కన అది తీరుబడి నడకే. తొందర లేదు, ఆర్భాటం లేదు. నిండుగా వెళుతుంది, నిండుగా తగులుతుంది, అక్కడితో ఆగుతుంది. చాలా దూరం పోవాలన్న ఆశ దానికి లేదు. నూరు గజాలు దాని లోకం. ఆ లోకంలో అది చక్రవర్తి! పొద దగ్గర, పుట్ట దగ్గర, ఊపిరి తగిలే చోట, ఇంతకు మించిన తుపాకీని మనిషి చెయ్యలేదని నా తీర్పు. కాదనేవాళ్ళు నాతో ఒక పూట కూర్చోవచ్చు, టీ నాది.

మిర్యాలగూడలో ఒక పెద్దాయన దగ్గర పారడాక్స్ లేదు గానీ, దాని పినతల్లి కూతురిలాంటి పాత ఇంగ్లీషు 12 బోర్ ఉంది, హామర్లు బయటికి కనిపించే రకం. తాతల నాటి లైసెన్సు. ఎన్నికలు రాగానే పోలీస్ స్టేషన్‌లో అప్పగించి, అయిపోగానే తెచ్చుకుని, ఊరెళ్ళి వచ్చిన బిడ్డను చూసినట్టు అంతా తడిమి చూసుకుంటాడు. ఖాళీ గొట్టాలు విరిచి చూపించి, నా చేతిలో పెట్టాడు. నేను చెక్కడం చూస్తూ ఉండిపోయాను. “చూసుడు కాదు బిడ్డా, భుజానికి ఆనియ్యి. నువ్వు దాన్ని వెతకొద్దు, అదే నిన్ను వెతుక్కోవాలె,” అన్నాడు. ఆనించాను. కళ్ళు మూసి ఎత్తి, తెరిచి చూస్తే గొట్టం మూతిన గురి చూసే మక్కీ నా చూపు మధ్యలో కూర్చుని ఉంది! చెంపకు కొయ్య చల్లదనం, ముక్కుకు పాత నూనె వాసన, అరచేతిలో బరువు కుదుటపడిన ఆ క్షణం... తుపాకీ కొలతలు రాసే పుస్తకాల్లో ఆ క్షణానికి ఒక్క గడి కూడా లేదు.

పారడాక్స్‌కు ఎదురు నిలబడగలిగినది నా లెక్కలో ఒక్కటే, వించెస్టర్ 1895, .405 తూటాది. దాన్ని తలుచుకుంటే కెన్నెత్ ఆండర్సన్‌ను తలుచుకోవాలి. 1910లో మన బొల్లారంలో పుట్టి బెంగళూరులో స్థిరపడిన ఆయన చిత్తూరు అడవులూ, నంద్యాల దాటాక గాజులపల్లి, చెలమ స్టేషన్ల చుట్టూ ఉన్న నల్లమలా నడిచినవాడు. అరసికెరె దగ్గర నాగవార కొండల్లో మనుషుల మొహాలు చీల్చిన ఎలుగు వెంట కూడా వెళ్ళాడు. ఆయన చేతి తుపాకీ అదే. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన. కింద లివరు, దాన్ని ముందుకు తోసి వెనక్కి లాగితే అంగాంగమూ విచ్చుకుని మళ్ళీ ముడుచుకునే ఇనుప నాట్యం! 1904లో వచ్చిన .405కు 300 గ్రెయిన్ల గుండు. మడమ భుజాన్ని గట్టిగానే పలకరిస్తుందట. జంట రైఫిల్ జమీందారైతే ఇది కష్టజీవి. చెక్కడాలు లేవు, పూలు లేవు, చాకిరీ ఉంది. ఆ మొరటు నిజాయితీకి నేను దాసుణ్ణి.

అమెరికా అడవుల్లో నల్ల ఎలుగును చట్టం ఒప్పుకునే రోజుల్లో ఇప్పటికీ వేటాడతారు. ఆ చిక్కటి చెట్ల మధ్య ఇవాళ్టికీ లివరు తుపాకులకు ఆదరణ ఉంది. 1895 నాటి .30-30, 1906 నాటి .35 రెమింగ్టన్, ఇంకా వెనక్కి పోతే 1873 నాటి .45-70. ఆ చివరిది చూశారూ, మన మార్టినీ హెన్రీ ఈడుది, దాదాపు అదే లావు, అదే నిదానం. దేశాలు వేరు, ఎలుగులు వేరు. దగ్గరితనం అన్నిచోట్లా ఒక్క పాఠమే చెప్పిందన్నమాట. మన ఇషాపూర్ కర్మాగారం .315 రైఫిల్‌ను కూడా ఒక మాట తలుచుకుని వదిలేస్తాను. పాపం, పనిమంతురాలు, ఊళ్ళల్లో లైసెన్సున్న ఇళ్ళల్లో గోడకు అదే. అందం అడగకూడదు.

అందం అంటే మళ్ళీ పాత గొట్టాలే. డమాస్కస్ గొట్టాలను ఎండలో తిప్పి చూశారా? ఇనుమూ ఉక్కూ తీగలుగా పేని, చుట్టి, కాల్చి, కొట్టి అతికిన గొట్టం. పైన ఆమ్లం పూస్తే గోధుమరంగులో, వెండిరంగులో సుడులు, అలలు, వేలిముద్రలు! నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగి పారశీక వర్తకులను ఇంతదూరం రప్పించిన ఉక్కు వేరు, ఈ మెలిపెట్టిన గొట్టాలు వేరు. తీరు వేరు, కాలం వేరు. అయినా ఆ అలలు చూస్తే తెలంగాణ కన్ను ఊరుకోదు, చుట్టరికం కలుపుకుంటుంది. కలుపుకోనివ్వండి! ఇక నల్ల తుపాకిమందు కాలపు పొగ ఉంది చూడండి: సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన తెల్లటి పొగ. పేలగానే మబ్బు కమ్మి మృగం కనిపించేది కాదు. పొగ విడేదాకా ఎలుగు పడిందో, పొగలోంచే మీదికి వస్తోందో తెలియదు. ఆ రెండు క్షణాల సందిగ్ధం కోసమే కాబోలు, పొగలేని మందు వచ్చాక కూడా కొందరు దొరలు పాతదాన్ని వదల్లేదు. భయం కూడా రసమే అన్నది వాళ్ళకు నాట్యశాస్త్రం చదవకుండానే తెలిసింది!

రాజా దీనదయాళ్ తీసిన షికారు ఛాయాచిత్రాలు చూస్తే మాత్రం నాకు కొంచెం కోపం వస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆయన కన్ను ఎంత గొప్పది! 1902లో వరంగల్ వైపు నెక్కొండలో కర్జన్ దొరనూ, దొరసానినీ, కూలిన పులినీ ఒక్కచోట పెట్టి తీసిన పటంలో వెలుగునీడలు అచ్చం కవిత్వం. కానీ ఆ పటాల్లో మృగం ఎప్పుడూ చల్లారినదే, దూరం ఎప్పుడూ తీరిపోయినదే. పొద కదిలిన క్షణం లేదు, తుపాకీ భుజానికి లేచిన క్షణం లేదు. రసం అంతా ఫోటోకు ముందే అయిపోయింది. మనకు మిగిలింది విందు తర్వాతి విస్తరి.

కాబట్టి పటాలు కాదు, వస్తువులే చూడండి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగుచేసిన సంపద, 1951లో దివాన్ దేవిడీలో ప్రజలకు తెరిచినది, 1968 నుంచి మూసీ గట్టున ఇప్పుడున్న భవనంలో ఉంది. ఆ మూసీయే కదా దిగువన వాడపల్లిలో కృష్ణలో దిగేది! రత్నాల పిడుల కత్తుల దగ్గర జనం మూగుతారు, మూగనివ్వండి. మీరు తుపాకుల వైపు జరగండి. మడమ నుంచి మూతి దాకా చూపును మెల్లగా నడిపించండి. గొట్టం లావు చూసి గుండు బరువు ఊహించండి. ఏది దూరానికి చేసిందో, ఏది దగ్గరికి చేసిందో మీ భుజమే చెబుతుంది. పొద్దున్నే వెళ్ళండి, బడిపిల్లల వరుసలు రాకముందే. శుక్రవారం మాత్రం వద్దు, ఆ రోజు సెలవు.